కన్నీటి తూముకు బిరడా: పొడి కళ్ళు, ప్లగ్‌ల తర్వాతి చిక్కులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 52 ఏళ్ళు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మూడేళ్ళుగా కళ్ళలో ఇసుక పోసినట్టు గరగరలాడటం, మంట, సాయంత్రానికి అక్షరాలు అలికినట్టు కనిపించడం నన్ను వేధిస్తున్నాయి. చుక్కల మందు రోజుకు ఎనిమిదిసార్లు వేసుకున్నా చాలకపోవడంతో, కన్నీరు జారిపోకుండా కంట్లోనే నిలిచేందుకు ఎనిమిది నెలల క్రితం రెండు కళ్ళ కింది రెప్పల కన్నీటి రంధ్రాలకు సిలికాన్ ప్లగ్‌లు పెట్టారు. మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత ఎడమ కంటి ప్లగ్ ఎప్పుడో ఊడిపోయింది. కుడి కన్ను మాత్రం ఆరు వారాలుగా నీరు కారుతోంది. ముక్కు వైపు కనుకొలకులో నొప్పి, ఉదయం లేచేసరికి పచ్చని పుసి ఉంటున్నాయి. కలక అని రెండుసార్లు యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు. వేసుకున్నన్నాళ్ళు తగ్గి, ఆపగానే మళ్ళీ మొదలవుతోంది. ఇప్పుడు పై రెప్పలకు కూడా ప్లగ్‌లు పెడతామంటున్నారు. నోరు ఎండిపోవడం, వేళ్ళ కీళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి కానీ వాటిని కంటి డాక్టరుకు చెప్పలేదు. ఇంట్లో వాళ్ళు “కంట్లో నీళ్ళు కారుతుంటే కళ్ళు ఎండిపోయాయంటావేమిటి” అంటున్నారు. ఉన్న ప్లగ్ తీయించేయాలా? తీయిస్తే మళ్ళీ మొదటికే వస్తుందా? మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి ఉంది. పీటల మీద, హోమం ఎదుట కూర్చోగలనా అన్నదే ఇప్పుడు నా దిగులు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆందోళన పెట్టింది మీ కుడి కన్ను. అందువల్ల పొడిబారడం గురించి, పై రెప్పల ప్లగ్‌ల గురించి కాస్త ఆగి మాట్లాడుకుందాం. ఒక్క కంటికే, అదీ ప్లగ్ ఉన్న కంటికే, ముక్కు వైపు కనుకొలకులో నొప్పి, పచ్చని పుసి, మందు వేసినన్నాళ్ళు తగ్గి ఆపగానే తిరగబెట్టడం, ఇవన్నీ కలిసి కనిపించినప్పుడు అది మామూలు కలక కాదనీ, ప్లగ్ కూర్చున్న సన్నని కన్నీటి నాళంలో సూక్ష్మక్రిములు గూడు కట్టుకున్నాయనీ అనుమానించాలి. పరీక్షలో కాదని తేలేవరకు ఆ అనుమానాన్ని వదలకూడదు. దీనిని కెనాలిక్యులైటిస్ అంటారు. ఈ వారంలోనే, వీలైతే రేపో ఎల్లుండో, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూపే పరికరం) ఉన్న కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళి, “ఇది ప్లగ్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షనేమో చూడండి” అని స్పష్టంగా అడగండి.

ఆ రోజు వరకు కూడా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, కన్ను తెరవలేనంత నొప్పి, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ, కనుకొలకు కింద ముక్కు పక్కన ఎర్రగా వాచి జ్వరం రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి నాలుగూ కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, దెబ్బతింటున్నదని చెప్పే గుర్తులు కావచ్చు. చివరిది కన్నీటి సంచిలో చీము పట్టిందని చెప్పే గుర్తు. ఆ వాపును ఇంట్లో నొక్కి పిండే ప్రయత్నం చేయవద్దు.

రెండుసార్లు వాడిన చుక్కలు ఎందుకు పని చేయలేదో తెలిస్తే మీకు దిగులు కొంత తగ్గుతుంది. సిలికాన్ వంటి వస్తువు శరీరంలో కొన్నాళ్ళు ఉన్నప్పుడు దాని ఉపరితలం మీద సూక్ష్మక్రిములు జిగురు పొరలా అల్లుకుంటాయి. నానబెట్టిన పాత్రకు పట్టిన పాచి నీళ్ళు పోస్తే పోనట్టే, ఆ పొర పైనుంచి పడే చుక్కల మందుకు లొంగదు. మందు పైపైన తేలిన క్రిములను చంపుతుంది, గూడు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఇలాంటి ఇన్ఫెక్షన్‌కు అసలు చికిత్స ఆ ప్లగ్‌ను తీసివేయడమే. మందులు దానికి తోడు మాత్రమే. నా వృత్తి జీవితపు తొలి రోజుల్లో ఒక పెద్దావిడకు ఇదే పరిస్థితి వస్తే, ప్లగ్ తీయకుండా మూడుసార్లు చుక్కలు మార్చి, రెండు నెలలు ఆమెను బాధ పెట్టాను. ప్లగ్ తీసిన వారం రోజులకే ఆమె కన్ను తేటపడింది. ఆ పొరపాటు నాకు ఇప్పటికీ గుర్తుంది కనుకనే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

తీయడం గురించి భయపడకండి. రంధ్రం అంచున టోపీలా కనిపించే రకం ప్లగ్ అయితే, మత్తు చుక్క వేసి, సన్నని పట్టకారుతో కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. కుట్లు ఉండవు, ఆసుపత్రిలో ఉండవలసిన అవసరమూ ఉండదు. అద్దం ముందు నిలబడి, శుభ్రమైన వేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగి చూస్తే, ముక్కుకు దగ్గరగా రెప్ప అంచున తెల్లని లేదా పారదర్శకమైన చిన్న చుక్కలా ఆ టోపీ కనిపించవచ్చు. కనిపిస్తే చూసి వదిలేయండి. గోటితో గాని, దూదితో గాని కదిలించవద్దు. కనిపించకపోతే అది బయటకు ఊడిపోయి ఉండవచ్చు, లేదా నాళం లోపలికి జారి ఉండవచ్చు. ఇది ముఖ్యమైన సంగతి. ఎడమ కంటిది “ఎప్పుడో ఊడిపోయింది” అని రాశారు గాని, ఊడిపడటం మీరు చూడలేదు. ప్లగ్‌లు ఊడిపోవడం చాలా సాధారణం, అందులో ప్రమాదం లేదు. లోపలికి జారినది మాత్రం కొన్నాళ్ళు చప్పుడు చేయకుండా ఉండి, తర్వాత కుడి కన్నులా మొదలుపెట్టగలదు. అందువల్ల రెండు కళ్ళనూ చూడమనండి. లోపలికి జారిన ప్లగ్‌ను కొన్నిసార్లు సెలైన్‌తో కడిగి ముక్కులోకి పంపివేయవచ్చు. కదలకపోతే నాళాన్ని కొద్దిగా తెరిచి తీయవలసి వస్తుంది. అలాంటి చిన్న శస్త్రచికిత్సను కనురెప్పలు, కన్నీటి నాళాల నిపుణులు, అంటే ఆక్యులోప్లాస్టీ వైద్యులు చేస్తారు. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోను, మరికొన్ని పెద్ద కంటి ఆసుపత్రుల్లోను ఈ విభాగం ఉంది.

వెళ్ళేటప్పుడు ప్లగ్‌లు పెట్టిన నాటి చీటీ తీసుకువెళ్ళండి. ఏ రకం ప్లగ్, ఏ సైజు, ఏ రంధ్రంలో పెట్టారు అన్నది అందులో ఉండాలి. లేకపోతే పెట్టిన చోటు నుంచి రాయించి తెచ్చుకోండి, అది అడగడం మీ హక్కు. రంధ్రం అంచున నిలిచే రకానికీ, నాళం లోపలికే పంపేసే రకానికీ తీసే పద్ధతి పూర్తిగా వేరు. చీటీ లేనప్పుడు వైద్యుడు చీకట్లో తడుముకోవలసి వస్తుంది.

ఇక మీ ఇంట్లో వాళ్ళ ప్రశ్నకు వద్దాం. అది అమాయకమైన ప్రశ్నే గాని, తప్పు ప్రశ్న కాదు. కన్నీరు ఒట్టి నీరు కాదు. రెప్పల అంచున ఉండే మైబోమియన్ గ్రంథులు నూనె ఇస్తాయి, పై రెప్ప వెనుక ఉండే కన్నీటి గ్రంథి నీటిని ఇస్తుంది, తెల్లగుడ్డును కప్పిన పొరలోని కణాలు జిగురును ఇస్తాయి. ఈ మూడూ కలిసి, రెప్ప వేసిన ప్రతిసారీ కంటి మీద పలుచని పొరలా పరుచుకుంటాయి. నూనె తక్కువైతే ఆ పొర క్షణాల్లో ఆవిరైపోయి కార్నియా మండుతుంది. మండగానే గ్రంథి కంగారుగా ఒక్కసారి నీళ్ళు కుమ్మరిస్తుంది. ఆ నీళ్ళలో నిలిచే గుణం లేదు కనుక చెంప మీదికి జారిపోతాయే తప్ప కంటిని తడిపి ఉంచవు. ఎండి నెర్రెలిచ్చిన నేల మీద కురిసిన గాలివాన ఇంకకుండా కొట్టుకుపోయినట్టు ఉంటుంది ఆ నీరు. మీది నటన కాదనీ, నీరు కారడం కూడా పొడిబారడానికి ఒక గుర్తేననీ వారికి ఈ పేరా చదివి వినిపించండి.

ప్లగ్ చేసే పనిని మన చెరువు తూముతో పోల్చుకోవచ్చు. ప్రతి కంటికీ పై రెప్పలో ఒకటి, కింది రెప్పలో ఒకటి, ముక్కు వైపున గుండుసూది మొన అంత రంధ్రాలు ఉంటాయి. వాడిన కన్నీరు వాటిలోంచి సన్నని నాళాల ద్వారా కన్నీటి సంచిలోకి, అక్కడి నుంచి ముక్కులోకి దిగుతుంది. కంట్లో చుక్కలు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడానికి కారణం ఇదే. ఫ్రీమన్ అనే అమెరికన్ వైద్యుడు 1975లో ఈ రంధ్రాలకు సిలికాన్ బిరడాలు పెట్టే పద్ధతిని ప్రకటించాడు. తూము మూస్తే చెరువులో నీరు నిలుస్తుంది, నిజమే. అయితే ఆ నీరు ఎలాంటిదన్న ప్రశ్న ముందు తేలాలి. కంటి ఉపరితలం మీద వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కన్నీటిలో దానిని పెంచే పదార్థాలు ఉంటాయి. తూము మూస్తే అవి కూడా కంట్లోనే నిలిచిపోతాయి. మందు చెడిపోకుండా ఉంచే నిల్వ పదార్థం కలిపిన చుక్కలు వాడుతుంటే ఆ రసాయనమూ మునుపటికన్నా ఎక్కువసేపు కంటిని అంటిపెట్టుకొని ఉంటుంది. కనుక ముందు వాపును తగ్గించి, ఆ తర్వాత ప్లగ్ పెట్టడమే సరైన వరస. పొడి కంటి మీద అంతర్జాతీయ నిపుణులు 2017లో వెలువరించిన నివేదిక కూడా ప్లగ్‌లను తొలి మెట్టులో కాక రెండో మెట్టు చికిత్సల్లో ఉంచింది. ప్లగ్‌ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి అదే ఏడాది కొక్రేన్ సంస్థ చేసిన సమీక్ష, అవి కొందరికి మేలు చేయవచ్చు గాని ఆధారాలు గట్టిగా లేవని తేల్చింది. నా అనుభవంలో సరైన మనిషికి, సరైన సమయంలో పెట్టిన ప్లగ్ ఎంతో సుఖాన్ని ఇస్తుంది. మీకు కూడా మొదటి రెండు నెలలు ఇచ్చింది. కనుక ప్లగ్ చెడ్డదని నేను అనడం లేదు.

కానీ ఇప్పుడు పై రెప్పలకు పెట్టించుకోవద్దని మాత్రం కచ్చితంగా చెబుతాను. ఇన్ఫెక్షన్ ఉందన్న అనుమానం తీరకుండా, ఇంకో తూము కూడా మూసేయడం మంచిది కాదు. కుడి కన్ను పూర్తిగా తేరుకున్నాక కొన్ని వారాలు ఆగి, పరీక్షలు మళ్ళీ చేయించుకోండి. కింది రెప్పలో కాగితపు పట్టీ పెట్టి అయిదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూసే షిర్మర్ పరీక్షలో తడి 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే మీకు నీరే తక్కువని అర్థం. రంగు చుక్క వేసి, రెప్ప వేయకుండా ఉంచినప్పుడు కన్నీటి పొర 10 సెకన్ల లోపే చిట్లుతుంటే ఆ పొరకు నిలకడ లేదని, ఎక్కువగా నూనె లోపమని అర్థం. నీరే తక్కువైన వారికి ప్లగ్‌తో ప్రయోజనం ఎక్కువ. అప్పుడు కూడా, కొద్ది రోజుల్లో కరిగిపోయే కొల్లాజెన్ ప్లగ్‌ను ముందు పెట్టి చూసి, నీరు కారకుండా హాయిగా ఉందని తేలాకే ఎక్కువ కాలం నిలిచే దానికి వెళ్ళమని అడగండి.

“తీయిస్తే మళ్ళీ మొదటికే వస్తుందా” అని అడిగారు. కొంత పొడి తిరిగి వస్తుంది, దాచను. కానీ మొదటికి రావలసిన అవసరం లేదు. ఎందుకంటే మీ పొడి కళ్ళకు మూలం ఏమిటో ఇప్పటివరకు ఎవరూ వెతకలేదని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. నోరు ఎండిపోవడం, వేళ్ళ కీళ్ళ నొప్పులు, యాభై దాటిన స్త్రీ, ఈ మూడూ కలిస్తే ఏ వైద్యుడికైనా షోగ్రెన్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ నేత్రవైద్యుడు 1933లో పొడి కళ్ళతో బాధపడే 19 మంది స్త్రీల గురించి రాసినప్పుడు, వారిలో 13 మందికి కీళ్ళ జబ్బు కూడా ఉందని గమనించాడు. శరీరపు రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బు ఇది. మీకు అదే ఉందని ఉత్తరం చదివి చెప్పలేను, చెప్పకూడదు. కీళ్ళ జబ్బులు, ఇలాంటి రక్షణ వ్యవస్థ జబ్బులు చూసే రుమటాలజిస్టును కలిసి, యాంటీ రో ప్రతిరక్షకాలు, రుమటాయిడ్ ఫ్యాక్టర్ వంటి రక్తపరీక్షలు చేయించుకోండి. అన్నం మెతుకులు మింగడానికి నీళ్ళు తాగవలసి వస్తున్నదా, రాత్రి గొంతెండి లేస్తున్నారా, పళ్ళు త్వరగా పుచ్చుతున్నాయా, చెవుల కింద బుగ్గలు వాస్తున్నాయా అన్నది కూడా వారికి చెప్పండి. మీరు వాడే ఇతర మందుల చీటీ కూడా చూపించండి. జలుబుకు, దురదకు ఇచ్చే యాంటీహిస్టమిన్ మాత్రలు, నొప్పికీ నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి కళ్ళనూ నోటినీ ఎండబెడతాయి. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

చుక్కల మందుల్లో ఒక మార్పు వెంటనే చేసుకోవచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకునే వారు నిల్వ పదార్థం లేని కృత్రిమ కన్నీరు వాడాలి. సీసా మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అన్న నిల్వ పదార్థం పేరు ఉందేమో చూడండి. ఉంటే, ఎనిమిదిసార్లు వేసుకునే మీ కంటికి అదే కొంత హాని చేస్తూ ఉండవచ్చు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ గాని, సోడియం హైలురొనేట్ గాని ఉండి, నిల్వ పదార్థం లేనివి చిన్న చిన్న గొట్టాల్లోను, ప్రత్యేకమైన సీసాల్లోను దొరుకుతాయి. రాత్రి పడుకునే ముందు జెల్ వేసుకుంటే తెల్లవారుజామున రెప్ప అంటుకుపోయే బాధ తగ్గుతుంది. ఎరుపు పోగొట్టే చుక్కలు మాత్రం కొనవద్దు. వాపును తగ్గించడానికి సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తే, మొదటి వారాల్లో మండుతాయని, పూర్తి ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుందని ముందే తెలుసుకొని ఓపిక పట్టండి. చాలామంది నెల తిరగకుండానే మానేసి, పని చేయలేదంటారు. స్టెరాయిడ్ చుక్కలు త్వరగా ఉపశమనం ఇస్తాయి కనుక పాత చీటీ చూపించి మళ్ళీ కొనుక్కోవాలనిపిస్తుంది. అవి కంటి ఒత్తిడిని పెంచి, శుక్లాన్ని తెచ్చి, దాగి ఉన్న ఇన్ఫెక్షన్‌ను ముదరబెట్టగలవు. మీ కుడి కంటి విషయంలో ఇది మరీ ప్రమాదం. వీటన్నిటికీ లొంగని పొడికి, సొంత రక్తం నుంచి తీసిన సీరంతో చేసే చుక్కలు, కంటి ముందు కన్నీటి గిన్నెలా నిలిచే స్క్లెరల్ లెన్సులు ఉన్నాయి. అంతవరకు రాకపోవచ్చు, వచ్చినా దారి ఉందని మాత్రం తెలిసి ఉండాలి.

ఇంట్లో చేసుకోవలసిన వాటిలో నేను అన్నిటికన్నా విలువనిచ్చేది వేడి కాపడం. ఇన్ఫెక్షన్ తగ్గిందని వైద్యుడు చెప్పాక మొదలుపెట్టండి. శుభ్రమైన గుడ్డను చేతికి హాయిగా తగిలేంత వేడినీళ్ళలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద అయిదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారుతుంది కనుక మళ్ళీ మళ్ళీ ముంచుతూ ఉండాలి. గట్టిపడిన నెయ్యి వేడికి కరిగినట్టు గ్రంథుల్లో పేరుకున్న నూనె మెత్తబడుతుంది. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, అంచు వైపు మెల్లగా నిమరండి. ప్లగ్ ఉన్నన్నాళ్ళు ముక్కు వైపు మూలను నలపకండి. కన్ను తుడుచుకునేటప్పుడు అద్ది తీయండి. రెండు మూడు రోజులు చేసి ఫలితం లేదనుకోవద్దు, నెల రోజులైనా చూడాలి. తెర చూస్తూ పని చేసేటప్పుడు రెప్పలు వేయడం సగానికన్నా తగ్గిపోతుంది, వేసినా పూర్తిగా మూసుకోవు. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు, ఫోన్‌లో హాజరు నమోదు చేసేటప్పుడు కావాలని రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా మంచం దిక్కు మార్చుకోండి. స్కూటరు మీద వెళ్ళేటప్పుడు పక్కలు కూడా కప్పే కళ్ళజోడు పెట్టుకోండి.

ఈ సందర్భంలో మన ఇళ్ళలో చెప్పే చిట్కాల గురించి ఒక మాట. మూసిన కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అందులో తప్పు లేదు. పూల రసం, తేనె, ఆముదం, పాలు కంట్లో పిండుకోవడం మాత్రం మీ కంటికి ప్రమాదం. క్రిములు లేని ద్రవం తప్ప మరేదీ కంట్లో పడకూడదు. కాటుకను రెప్ప లోపలి అంచున పెట్టుకుంటే నూనె గ్రంథుల నోళ్ళు మూసుకుపోతాయి.

ఇన్ఫెక్షన్ తగ్గి, పరీక్షల్లో కార్నియా బాగుందని తేలినా మంట మిగిలి ఉంటే, దానిని భ్రమ అని ఎవరు కొట్టిపారేసినా ఒప్పుకోవద్దు. ఏళ్ళ తరబడి రేగిన కార్నియా నరాలు గాయం మానాక కూడా నొప్పిని పంపుతూనే ఉండవచ్చు. దానికి చికిత్స వేరుగా ఉంది. “నరాల వల్ల వచ్చే నొప్పా ఇది” అని అడిగితే తెలిసిన వైద్యుడికి అర్థమవుతుంది.

పెళ్ళి సంగతి చివరికి వదిలేయలేదు, అది నాకూ ముఖ్యమే. ఇప్పుడే కుడి కన్ను సంగతి తేల్చుకుంటే మాఘం నాటికి మీరు నిశ్చింతగా పీటల మీద కూర్చోగలరు. పురోహితుల వారికి ముందే చెప్పి, గాలి మీ వెనుక నుంచి హోమగుండం వైపు వీచేలా పీటలు వేయించండి. పెడెస్టల్ ఫ్యాను పెడితే అది పొగను బయటకు తోసేలా ఉండాలి గాని మీ ముఖం మీదికి వీచకూడదు. హోమానికి పది నిమిషాల ముందు ఒక చుక్క, ఆ తర్వాత అరగంటకొకటి వేసుకోండి. చుక్కల గొట్టాలను మీ చెల్లెలి దగ్గరో, వదిన గారి దగ్గరో ఉంచి వేళకు అందించమనండి. పక్కలు మూసిన కళ్ళజోడు సాదా అద్దాలతో చేయించుకుంటే ఫొటోల్లో తేడా తెలియదు. ఎండుగడ్డి, తడి సమిధలు ఎక్కువ పొగ పెడతాయి కనుక బాగా ఎండిన సమిధలు, మంచి నెయ్యి తెప్పించండి. కన్యాదానం వేళ మీ కళ్ళు చెమ్మగిల్లుతాయి. చేతిలో మెత్తని శుభ్రమైన నూలు రుమాలు ఉంచుకొని, రుద్దకుండా అద్దుకోండి.